మూడు సెకన్ల పసుపు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు నడుస్తుంది. చౌరస్తా ఇంకొంచెం దూరం ఉందనగా పచ్చ దీపం ఆరి పసుపు దీపం వెలిగిందనుకుందాం. అది డ్రైవరు కంట పడాలి, ఆగాలో వెళ్లాలో తేల్చుకోవాలి, కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి రావాలి. ఈ మొత్తానికి ఒక సెకను పడుతుందని ట్రాఫిక్ ఇంజినీర్లు లెక్కలో వేసుకుంటారు. ఆ సెకనులోనే 14 మీటర్లు అయిపోయాయి. ఇక బ్రేకు. వెనక సీట్లో వాళ్లు ముందుకు తూలిపడకుండా వేస్తే, కారు వేగంలోంచి ప్రతి సెకనుకూ సెకనుకు 3 మీటర్ల చొప్పున తరుగుతుంది. పూర్తిగా ఆగేసరికి మరో 32 మీటర్లు. మొత్తం 46.

ఆగకుండా అదే వేగంతో దాటేద్దామనుకుంటే? పసుపు దీపం వెలిగేది 3 సెకన్లయితే, ఆ లోపల కారు పోగలిగేది 42 మీటర్ల లోపే. అంటే చౌరస్తా ముందు ఆగాల్సిన గీతకు 42 మీటర్లకూ 46 మీటర్లకూ మధ్య ఒక ముక్క మిగిలిపోయింది. పసుపు పడే క్షణానికి కారు సరిగ్గా ఆ ముక్కలో ఉంటే, ఆగబోతే గీత దాటాకే ఆగుతుంది, వెళ్లబోతే గీత చేరేలోపే ఎరుపు పడుతుంది. ఎంత బుద్ధిమంతుడైనా అక్కడ చలానాకు దొరికిపోవాల్సిందే. తప్పు చేసింది అతను కాదు, ఆ మూడు సెకన్లను నిర్ణయించినవాళ్లు.

ఈ అటూ ఇటూ కాని చోటును లెక్కగట్టి చూపించిన పరిశోధనా పత్రం 1960లో వచ్చింది. రాసినవాళ్లు ముగ్గురు: డెనోస్ గాజిస్, రాబర్ట్ హర్మన్, అలెక్సీ మారదూదిన్. వీరిలో హర్మన్ సంగతి కాస్త ఆగి చెప్పుకోదగింది. విశ్వం మహావిస్ఫోటంతో మొదలైతే ఆనాటి వేడి తాలూకు శేషం ఇవాళ్టికీ ఆకాశమంతా నిండి ఉండాలనీ, దాని ఉష్ణోగ్రత 5 కెల్విన్ల ప్రాంతంలో ఉంటుందనీ 1948లోనే రాల్ఫ్ ఆల్ఫర్‌తో కలిసి ఊహించినవాడు ఆయనే. తరవాత పదహారు పదిహేడేళ్లకు పెంజియాస్, విల్సన్ ఆ శేషాన్ని యాదృచ్ఛికంగా పట్టుకుని నోబెల్ అందుకున్నారు. ఆల్ఫర్‌కూ హర్మన్‌కూ అది దక్కలేదు. విశ్వం పుట్టుకను వదిలి జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో చేరిన హర్మన్, పసుపు దీపం ఎంతసేపు వెలగాలన్న ప్రశ్న పట్టుకున్నాడు. దీన్ని కొందరు దిగజారుడు అనుకోవచ్చు. నాకైతే విశ్వం సంగతి కన్నా ఇదే ఎక్కువమందికి పనికొచ్చిందనిపిస్తుంది.

వాళ్లు తేల్చిన సూత్రం చిన్నది. సెకనుకు మీటర్లలో బండి వేగాన్ని, బ్రేకు బలానికి (పైన చెప్పిన ఆ 3కి) రెట్టింపుతో భాగించి, డ్రైవరు తేల్చుకోవడానికి పట్టే సెకనును దానికి కలపాలి. 40 కిలోమీటర్ల వేగానికి 2.9 సెకన్లు వస్తుంది, 50కి 3.3, 60కి 3.8. వాన పడి రోడ్డు తడిసి, బ్రేకు బలం 3 నుంచి 2కు పడిపోయిందనుకోండి, 50 వేగానికే నాలుగున్నర సెకన్లు కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం సరిపోయిన పసుపు శ్రావణమాసం సాయంత్రానికి చాలదన్నమాట. దీపానికి మాత్రం రుతువులు తెలియవు.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్టన్ అనే చిన్న నగరంలో ఈ సూత్రం వల్ల ఒకాయన కోర్టు మెట్లెక్కిన కథ ఉంది. 2013లో అక్కడి ఒక కూడలిలో కెమెరా, ఎరుపు దాటిందని మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే ఆయన భార్యకు జరిమానా రాసింది. ఆయన స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు. జరిమానా గొడవ కన్నా ఆయన్ని పట్టుకున్నది లెక్క. 1960 సూత్రం తిన్నగా వెళ్లే బండికి సరిపోతుంది. తిన్నగా పోయేవాడు గీతదాకా ఒకే వేగంతో వెళ్తాడు. మలుపు తిరిగేవాడు అలా వెళ్లలేడు, గీత చేరేలోపే వేగం తగ్గించుకోవాలి, కాబట్టి అతనికి అదే దూరానికి ఎక్కువ సమయం పడుతుంది. పసుపు దీపం మాత్రం ఇద్దరికీ ఒకే కొలత. మలుపు తిరిగేవాడికి సరిపడేలా సూత్రాన్ని సవరించి ఆయన నగర అధికారులకూ రాష్ట్ర ఇంజినీరింగు బోర్డుకూ చూపించాడు. బోర్డు లెక్క చూడలేదు. లైసెన్సు లేకుండా ఇంజినీరునని చెప్పుకున్నావంటూ 500 డాలర్ల జరిమానా వేసింది. ఆయన వాక్‌స్వాతంత్ర్యం కింద దావా వేసి గెలిచాడు. ఆ తరవాత 2020లో అమెరికా రవాణా ఇంజినీర్ల సంఘం తన మార్గదర్శకాల్లో ఆ సవరణను చేర్చుకుంది. పసుపు సెకన్లు పైనుంచి దిగిన శాసనం కాదనీ, ఎవరో కొన్ని ఊహల మీద కట్టిన లెక్క అనీ, ఆ ఊహల్ని ఎవరైనా ప్రశ్నించవచ్చనీ ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

పసుపు చిన్న లెక్క. పెద్ద లెక్క పచ్చది. నాలుగు దిక్కులకూ పచ్చ దీపాన్ని ఎలా పంచాలి? ఒక చుట్టు పూర్తి కావడానికి, మన పోలీసులు సైకిల్ టైమ్ అనేదానికి, ఎన్ని సెకన్లు పెట్టాలి? 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో వెబ్‌స్టర్ దీనికిచ్చిన జవాబే కాస్త అటూ ఇటూగా నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. దిక్కు మారిన ప్రతిసారీ కొంత సమయం ఎవరికీ దక్కకుండా పోతుంది: ఆగినవాళ్లు కదలడానికి, కదిలేవాళ్లు ఆగడానికి. ఒక్కో మార్పుకు 4 సెకన్లు పోతాయనుకుంటే, నాలుగు దిక్కులనూ విడివిడిగా వదిలే చౌరస్తాలో చుట్టుకు 16 సెకన్ల నష్టం. వెబ్‌స్టర్ ఈ నష్టాన్ని ఒకటిన్నరతో గుణించి, 5 కలిపి, దాన్ని చౌరస్తాలో ఇంకా మిగిలి ఉన్న ఖాళీ వాటాతో భాగించమన్నాడు.

ఆ ఖాళీ వాటా దగ్గరే మొత్తం కిటుకు. చౌరస్తా మోయగలిగినదాంట్లో 70 శాతం నిండితే సైకిల్ 97 సెకన్లు వస్తుంది. 80 శాతం నిండితే 145. 90 శాతానికి 290, అంటే అయిదు నిమిషాలకు పది సెకన్లే తక్కువ. బండ్లు పెరిగింది కొంచెమే, కాచుకునే సమయం రెండింతలు. సాయంత్రం ఆరు దాకా బాగానే నడిచిన కూడలి ఆరుంబావుకల్లా ఉన్నట్టుండి బిగుసుకుపోవడానికి ప్రత్యేకంగా ఎవరి తప్పూ అక్కర్లేదు, ఈ భాగహారం చాలు.

హైదరాబాద్‌లో ఇన్ని చౌరస్తాలను డివైడర్లతో మూసేసి, కుడివైపు వెళ్లాల్సినవాణ్ణి ముందుకు పంపి యూటర్న్ తిప్పడం కూడా ఇందులోంచే అర్థమవుతుంది. నాలుగు వంతులను రెండుకు తగ్గిస్తే నష్టం 16 సెకన్ల నుంచి 8కి దిగుతుంది, 80 శాతం నిండిన చోట కూడా సైకిల్ 145 నుంచి 85కి వస్తుంది. వంతులే లేకుండా చేస్తే నష్టమే లేదు. ‘సిగ్నల్ ఫ్రీ’ అనే మాట మన నాయకుల నోట అంత ఇష్టంగా వినబడటానికి కారణం ఇదే. అయితే ఎరుపు లేని రోడ్డు మీద నడిచి దాటేవాడికి పచ్చ కూడా లేదు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీర్ల మామూలు లెక్క. 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు 0.8 మీటర్లే నడిస్తే 30. బండ్లు ఆగని చోట ఈ ముప్పై సెకన్లు ఆవిడకు ఎవరిస్తారు? చెయ్యెత్తి అడ్డం పడి తనే తీసుకోవాలి.

అసలు కూడలి ‘నిండడం’ అంటే ఏమిటో కూడా చూడాలి. మన రోడ్డు మీద కారు, ఆటో, బస్సు, స్కూటీ, తోపుడు బండి అన్నీ కలిసే పోతాయి. అందుకని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అన్నిటినీ కార్లలోకి మార్చి లెక్కబెట్టే ఒక పట్టిక తయారుచేసింది. 1990 నాటి ఆ పట్టికలో ద్విచక్ర వాహనం అరకారు నుంచి ముప్పావు కారు దాకా. ఆటో 1.2 నుంచి 2 కార్లు. బస్సు 2.2 నుంచి 3.7. తోపుడు బండి 2 నుంచి 3 కార్లు, ట్రాక్టరు ట్రాలీ 4 నుంచి 5. తోపుడు బండి ఆటో కన్నా బరువైన అంకె తెచ్చుకోవడం మొదట వింతగా ఉంటుంది. ఇక్కడ లెక్క సైజుది మాత్రమే కాదు, ఎంతసేపు అడ్డం ఉంటుందన్నదాన్ని కూడా కలిపారు. నెమ్మదిగా పోయేది వెనకవాళ్లందరి సమయాన్నీ తింటుంది.

ఈ పట్టికను నేను చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా ఒక సంగతి గుచ్చుకుంటుంది. అరవైమందిని ఎక్కించుకున్న సిటీ బస్సు ఎంత ఎక్కువ లెక్కేసినా 3.7 కార్లే. ఒక్క మనిషి కూర్చున్న కారు ఒక కారు. అంటే ఈ కొలత ప్రకారం బస్సు ఒక్కో ‘కారు’కు పదహారుమందిని మోస్తోంది. పచ్చ దీపాన్ని మనుషుల లెక్కన పంచితే బస్సు వచ్చే దిక్కుకే ముందు ఇవ్వాలి. మనం మాత్రం కార్ల లెక్కన పంచుతున్నాం. నడిచే మనిషికైతే ఆ పట్టికలో గడే లేదు.

ఇంతకీ ఈ సెకన్లను ఎవరు పెడతారు? మున్సిపాలిటీవాళ్లు అని చాలామంది అనుకుంటారు. మన దేశంలో కథ అంత సూటిగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఫలానా రోడ్డులో ఫలానా బండి వెళ్లకూడదని ఆంక్ష పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారమిచ్చినవాళ్లది. పగటిపూట లారీలు ఊళ్లోకి రాకూడదనడం ఇలాంటిదే. ఆంక్ష నెలకు మించితే గెజిట్‌లో ప్రకటించాలి. గణేశ్ నిమజ్జనం నాటి దారి మళ్లింపుల్లాంటి నెలలోపు వాటికి గెజిట్ అక్కర్లేదు, జనానికి తెలిసేలా స్థానికంగా చాటితే చాలు. 116వ సెక్షన్ బోర్డులు నాటే అధికారం గురించి. 117వ సెక్షన్ పార్కింగ్ స్థలాల గురించి, అక్కడ స్థానిక సంస్థను సంప్రదించాలని మాత్రం ఉంది. ఆచరణలో హైదరాబాద్‌లో సిగ్నల్ స్తంభానికి డబ్బు జీహెచ్‌ఎంసీది, సెకన్లు ట్రాఫిక్ పోలీసులవి. అదే రోడ్డు జాతీయ రహదారి అయితే ఇంకొకరు, రోడ్లు భవనాల శాఖదైతే మరొకరు. కింద మ్యాన్‌హోల్ జలమండలిది. పక్కన బస్‌స్టాప్‌లో ఆగే బస్సు ఆర్టీసీది. బస్‌స్టాప్‌ను యాభై మీటర్లు వెనక్కి జరిపితే సగం జామ్ తగ్గుతుందని ఆ చౌరస్తాలో నిలబడే కానిస్టేబుల్‌కు తెలుసు. జరిపే అధికారం అతనికి లేదు.

బ్రిటన్‌లో ఈ పని స్థానిక కౌన్సిల్‌ది. ఒక వీధిని వన్‌వే చేయాలంటే 1984 చట్టం కింద ముందు ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, అప్పుడే ఉత్తర్వు. అది నత్తనడక అని అక్కడివాళ్లు తిట్టుకుంటారు. మన దగ్గర రాత్రికి రాత్రి వచ్చి పడే బారికేడ్లు వేగంలో మేటి. వాటి వెనక ఏ లెక్క ఉందో మాత్రం అడిగినా తెలియదు.

ఇప్పుడు బోర్డుల దగ్గరికి వద్దాం. రాత్రిపూట కారు దీపం పడగానే రోడ్డు పక్క బోర్డు భగ్గున వెలుగుతుంది, దానికి కరెంటు లేదు. మామూలు అద్దం మీద ఏటవాలుగా పడ్డ వెలుగు అవతలి వైపుకు పోతుంది. ఒకదానికొకటి లంబంగా మూడు అద్దాలు కలిసే మూలలో పడ్డ వెలుగు మాత్రం ఏ కోణంలో వచ్చినా వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. బోర్డు మీద అంటించే రేకులో ఇలాంటి సూక్ష్మమైన మూలలు వేలకు వేలుంటాయి. పాత రకం రేకుల్లో వీటి బదులు సన్నటి గాజుపూసలు ఉండేవి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పలకలోనూ ఇలాంటి మూలలే, వందున్నాయి. భూమి నుంచి లేజరు కొట్టి, అది తిరిగి రావడానికి పట్టే సమయంతో చంద్రుడి దూరం కొలుస్తున్నారు.

చంద్రుడి మీది పలకకు లేని చిక్కు ఒకటి వీధి బోర్డుకుంది. వెలుగు వచ్చిన చోటికే కచ్చితంగా తిరిగి వెళ్తే అది హెడ్‌లైటులోకే పోతుంది, డ్రైవరు కంటికి రాదు. కన్ను దీపానికి కాస్త పైన ఉంటుంది కాబట్టి రేకు వెలుగును కొంచెం చెదరగొట్టాలి. ఎంత? కారులో కంటికీ దీపానికీ మధ్య ఎడం తక్కువ. లారీలో డ్రైవరు ఎంతో ఎత్తున కూర్చుంటాడు. అందుకే ఒకే బోర్డు ఒకే దూరం నుంచి కారతనికి ధగధగలాడుతుంది, లారీ అతనికి మసకగా కనబడుతుంది. దీపం లేని సైకిలువాడికి, నడిచేవాడికి అది వట్టి చీకటి రేకు.

పగటి చిక్కులు వేరు. మన ఎండకు ముందుగా లొంగిపోయేది ఎరుపు. అమెరికాలో స్టాప్ బోర్డు 1954 దాకా పసుపు రంగులో ఉండటానికి ఒక కారణం, ఆరుబయట వెలిసిపోని ఎరుపు అప్పటికి దొరక్కపోవడమే. మన ఊళ్లలో నో ఎంట్రీ బోర్డు నాలుగైదు వేసవులు చూశాక గులాబీ రంగు పళ్లెంలా తయారవుతుంది. దాని మీద కోచింగ్ సెంటరు పోస్టరు. ట్రాఫిక్ గుర్తును కప్పేసే ప్రకటననైనా, దాన్ని పోలి తికమక పెట్టే బోర్డునైనా తీసేసే అధికారాన్ని 116వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం పోలీసు అధికారికి ఇవ్వవచ్చు. ఆ అధికారం వాడిన దాఖలా మాత్రం ఏ గోడ మీదా కనబడదు.

అక్షరాల సంగతి మన భాషకు ప్రత్యేకంగా ఆలోచించాల్సింది. అక్షరం ఎత్తు సెంటీమీటరుంటే మూడున్నర నుంచి అయిదు మీటర్ల దూరం దాకా చదవగలమని రోమన్ లిపికి ఒక మోటు లెక్క ఉంది. 20 సెంటీమీటర్ల అక్షరం 70 నుంచి 100 మీటర్ల దాకా అందుతుంది. గంటకు 60తో వెళ్లేవాడికి అది నాలుగు నుంచి ఆరు సెకన్ల వ్యవధి. ఈ లెక్కను తెలుగుకు అలాగే వాడలేం. తలకట్టు పైన, ఒత్తు కింద, మధ్యలో అసలు అక్షరం. ‘లక్డీకాపూల్’ అనే పేరుకు గుడీ, ఒత్తూ, కొమ్మూ, పొల్లూ అన్నీ కావాలి. ఇంగ్లీషుకు ఇచ్చిన ఎత్తే తెలుగుకూ ఇస్తే అసలు అక్షరానికి మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. హైదరాబాద్ బోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ ఇమడాలి. మూడింటికీ సమానంగా చోటు పంచితే న్యాయంగానే కనబడుతుంది, దూరం నుంచి చదవబోతే మాత్రం ‘ప’, ‘ఫ’, ‘ష’ ఒకటైపోతాయి. వేగంగా పోయే రోడ్డు మీద తెలుగుకు ఎక్కువ ఎత్తు ఇవ్వాలనడం భాషాభిమానం కాదు, కంటి లెక్క.

ఇక స్పీడ్ బ్రేకర్లు. మన వీధుల్లో బోర్డు కన్నా, దీపం కన్నా ఎక్కువ పనిచేసేవి, ఎక్కువ హాని చేసేవి కూడా ఇవే. 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆర్థర్ కాంప్టన్ 1953లో తన విశ్వవిద్యాలయ ఆవరణ కోసం ఒక గతుకును రూపొందించాడు. తరవాత ఇరవై ఏళ్లకు బ్రిటన్‌లో వాట్స్ అనే పరిశోధకుడు రకరకాల గతుకుల మీద రకరకాల బండ్లు నడిపి చూసి ఒక ఆకారం తేల్చాడు: బండి పోయే దిశలో 3.7 మీటర్ల పొడవు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణంలోనూ అవే అంకెలు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. కావాలంటే సరిచూసుకోవచ్చు: 3.7ను వర్గం చేసి, 17కు ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపు పది సెంటీమీటర్లు వస్తుంది. గంటకు 25 కిలోమీటర్లతో దాటేవాడికి ఇబ్బంది ఉండదు. అంతకు మించినవాడికి వేగంతోపాటు కుదుపు పెరుగుతుంది. పొడవు ఇందుకే: ముందు చక్రాలూ వెనక చక్రాలూ దాదాపు కలిసి గతుకు మీద ఉండటంతో కారు మొత్తం లేచి దిగాలి.

మన కాలనీ స్పీడ్ బ్రేకరు అలా పుట్టదు. మలుపులో ఎవరికో దెబ్బ తగులుతుంది, సాయంత్రం కాలనీవాళ్లు కార్పొరేటర్ ఇంటికి వెళ్తారు, మర్నాడు తెల్లారేసరికి సిమెంటో తారో పోసి అడుగున్నర వెడల్పు దిమ్మ లేచి ఉంటుంది. పొట్టి దిమ్మకు ఒక విచిత్ర గుణముంది, వాట్స్ ప్రయోగాల్లో బయటపడ్డదే. నెమ్మదిగా వెళ్తే చక్రం దిమ్మ ఎక్కి దిగేటప్పుడు బండి మొత్తం ఊగుతుంది. వేగంగా వెళ్తే ఆ దెబ్బను చక్రమూ స్ప్రింగులూ మింగేస్తాయి, పైన కూర్చున్నవాడికి తగిలేది తగ్గుతుంది. అంటే పెద్ద కారులో దూసుకుపోయేవాడిని దిమ్మ వదిలేస్తుంది, ఇరవైతో వెళ్లే ఆటోలో గర్భిణిని కుదిపి పారేస్తుంది. రంగు వేయని దిమ్మ రాత్రిపూట మోటార్ సైకిలుకు ఏం చేస్తుందో ప్రభుత్వాసుపత్రి ఎముకల వార్డులో అడిగితే చెబుతారు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో అందరికన్నా ఎక్కువ మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లే.

2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ అని కొత్త సెక్షన్ చేర్చారు. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి ప్రాణం పోయినా అంగవైకల్యం వచ్చినా, బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు, ఎవరైనా సరే, లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. విచారించే కోర్టు ఏమేం చూడాలో కూడా ఆ సెక్షన్‌లోనే రాశారు: ఆ రోడ్డు మీద ఎలాంటి బండ్లు వస్తాయని అనుకోవాలి, అక్కడ ప్రమాదం ఉందని ఆ సంస్థకు తెలుసా, తెలిసి ఉండాల్సిందా, బాగుచేసేలోపు హెచ్చరిక బోర్డయినా పెట్టారా.